బొమ్మ మూలన అంకె

మా ఆవిడ గీసిన బొమ్మలు ఇంట్లో ఎన్ని ఉన్నాయో ఆమె బతికుండగా నాకు తెలియదు. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో లెక్కపెట్టాలని ఒక్కసారీ తోచలేదు. ఇప్పుడు తెలుసు, 412. వాటిలో ఒకదాన్ని నా చేతులారా పాడుచేశాను కనుక చూడదగినట్టు మిగిలినవి 411. ఈ లెక్క తేలడానికి దాదాపు ఏడాది పట్టింది. ఇంట్లో మనిషి పోయాక వారి చేతిపనిని ఏం చేయాలో తెలియక రేకుపెట్టెల ముందు కూర్చున్నవారికి నా తప్పులైనా పనికొస్తాయని ఆ ఏడాది సంగతి రాస్తున్నాను.

మాది కోనసీమలో అంబాజీపేటకు దగ్గరలోని ఒక పల్లె. నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి 2017లో రిటైరయ్యాను. ఆమె డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ టీచరుగా చాలాకాలం పనిచేసింది. బడిలో పిల్లలకు కొబ్బరిచెట్లు, పడవలు, సూర్యోదయాలు నేర్పేది గాని ఇంట్లో మాత్రం జంతువులను తప్ప మరొకటి గీసేది కాదు. అదీ దారిలో కనిపించిన జంతువును కాదు. మా గుమ్మం తొక్కి, మా పాకలో కనీసం ఒక్క రాత్రి పడుకున్నదాన్నే గీసేది. కోనసీమలో పుట్టి పెరిగిన మనిషి తన బొమ్మల్లో కొబ్బరిచెట్టును కుక్కను కట్టేసే గుంజగా తప్ప వాడుకోలేదంటే చూసినవారు నమ్మరు.

ఆమె 2023 అక్టోబరులో, పది నెలల డయాలిసిస్ తరువాత, వెళ్లిపోయింది. పదో రోజున గోదావరి రేవులో పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూస్తున్నప్పుడు మా వెనకాలే వచ్చిన పకోడీ అనే కుక్క, ఎవరూ అదిలించేలోగా, విస్తరి దగ్గరకు వెళ్లి మొత్తం తినేసింది. పురోహితుడు కాసేపు కళ్లు మూసుకుని, "మళ్లీ పెట్టండి బాబూ" అన్నారు. రెండోసారి కాకి వచ్చింది, శాస్త్రం జరిగింది. తిరిగి వచ్చేటప్పుడు మా బావమరిది నా చెవిలో, "మా అక్క సంగతి మనకు తెలియదేటి బావా, మొదటిదే లెక్కలోకి వస్తుంది" అన్నాడు.

నేను చేసిన మొదటి పెద్ద తప్పు ఆ మర్నాటిదే. పెద్దకర్మకు వచ్చే చుట్టాలకు చూపించడానికి ఆమె చేతి బొమ్మ ఒకటి హాల్లో పెట్టాలనిపించి, మా ఆవు గౌరి బొమ్మను తీసుకుని అమలాపురంలో ఒక లామినేషన్ దుకాణానికి వెళ్లాను. తేమ తగలదు, చెదలు పట్టవు, ఎన్నాళ్లైనా ఉంటుందన్నదే నా ఆలోచన. ఆ బొమ్మ ఆయిల్ పాస్టల్స్‌తో గీసినదని, అంటే అందులో రంగుతో పాటు మైనమూ నూనే ఉంటాయని, వేడి తగిలితే కరుగుతాయని నా బుర్రకు తట్టలేదు. రోలరు అవతలి నుంచి కాగితం మెల్లగా ఇవతలికి వస్తుంటే ముందు కొమ్ములు వచ్చాయి, బాగానే ఉన్నాయి. తరువాత నుదురు వచ్చింది. ఆ తరువాత కన్ను వచ్చింది. ఆ కన్ను ఉండవలసిన చోట లేదు. నల్లరంగు దవడ దాకా జారి, ప్లాస్టిక్ కింద తడిగా మెరుస్తోంది. దుకాణంలోని కుర్రవాడు, "మైనం రంగులని ముందు చెప్పాలి కదండీ" అన్నాడు. అతని తప్పేమీ లేదు. ఆ రేకును ఊడదీయబోతే రంగు కూడా రేకుతో పాటే లేచి వచ్చేస్తుందని తరువాత తెలిసింది. అందుకే దాన్ని అలాగే ఉంచాను. జాబితాలో దాని సంఖ్య 1. వరుసలో అది మొదటిదని కాదు, మళ్లీ ఏ బొమ్మ మీదా తొందరపడి చేయి వేయకుండా పుస్తకం తెరవగానే నాకు కనబడాలని.

ఆమెతో పాటు హయ్యర్ పరీక్షకు కూర్చున్న డ్రాయింగ్ మాస్టారు ఒకరు రాజమండ్రిలో ఉన్నారు. కబురు తెలిసి పరామర్శకు వచ్చినప్పుడు గౌరి బొమ్మ చూసి ఆయన ఏమీ అనలేదు. మాఘమాసంలో నన్ను రాజమండ్రి రమ్మని, గోదావరి గట్టు మీది దామెర్ల రామారావు చిత్రశాలకు తీసుకువెళ్లారు. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ నన్ను అక్కడికి తీసుకువెళ్లినప్పుడు నేను బయట బల్ల మీద కూర్చుని పేపరు చదువుకున్నాను. ఈసారి లోపలికి వెళ్లాను. దామెర్ల 1897లో పుట్టి, 1925లో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే పోయారు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే. ఆయన పోయాక ఇంటివారూ, వరదా వెంకటరత్నం వంటి మిత్రులూ ఆ బొమ్మలను పట్టుకుని కూర్చోబట్టే నూరేళ్ల తరువాత నా వంటివాడు వాటి ముందు నిలబడగలిగాడు. దామెర్ల వంటి చిత్రకారుడికీ మా పల్లెటూరి టీచరమ్మకూ పోలిక తేవడం లేదు. కాగితం మాత్రం ఇద్దరికీ ఒకటే, గోదావరి గాలిలో తేమా ఒకటే.

బయటికి వచ్చాక రేవు మెట్ల మీద కూర్చుని ఆ మాస్టారు చెప్పినవన్నీ నేను పాత డైరీలో రాసుకున్నాను. మన ప్రాంతంలో కాగితానికి మొదటి శత్రువు తేమ, రెండోది వెలుతురు, మూడోది ఇంటివాళ్ల ప్రేమ అన్నారు. మూడోది నన్ను ఉద్దేశించే. వానకాలంలో పెట్టెలు తెరవవద్దని, ఎండలు ముదిరి గాలి పొడిగా ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోవాలని, అయినా బొమ్మను ఎండలో మాత్రం ఆరబెట్టకూడదని చెప్పారు. బూజును తడిగుడ్డతో తుడిస్తే అది కాగితంలోకి ఇంకిపోతుంది కాబట్టి నీడన, గాలి ఆడే చోట పూర్తిగా ఆరనిచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తని కుంచెతో ఒకే వైపుకు దులపాలి. చిరుగులకు సెల్లోటేపు అంటించకూడదు; ఆ జిగురు కొన్నేళ్లకు పచ్చబడి, టేపు ఊడిపోయినా మరక ఊడదు. బొమ్మకూ బొమ్మకూ మధ్య న్యూస్‌పేపరు పెట్టకూడదు. దాని సిరా అంటుతుంది, దానిలోని ఆమ్లం పక్క కాగితాన్ని కూడా పచ్చగా, పెళుసుగా చేస్తుంది. నేను మూడు నెలలుగా శ్రద్ధగా చేస్తున్నది సరిగ్గా అదే.

ఏప్రిల్‌లో కాలువలకు నీళ్లు కట్టేశాక పని మొదలుపెట్టాను. పెట్టెలు మూడు. మొదటి పెట్టె అటక మీద ఉండడం వల్ల బాగానే ఉంది. రెండోది దక్షిణపు గోడకు ఆనించి ఉండేది. ఆ గోడ చెమ్మ పట్టే గోడ కావడంతో అడుగున ఉన్న ఇరవై బొమ్మలదాకా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాటిని బలవంతంగా లాగకుండా, పెట్టె మూత తీసి నాలుగు రోజులు నడవలో ఉంచితే చాలా భాగం వాటంతటవే విడివడ్డాయి. మూడోదానిలో ఆమె వేసిన ఎండు వేపాకు పొడిపొడిగా రాలి ఉంది, కలరా ఉండలు కరిగిపోయి వాసన మాత్రమే మిగిలింది, అంచుల వెంట వెండిరంగు పురుగులు కొరికిన గుర్తులు ఉన్నాయి. ఆ పురుగుకు బొమ్మ మీద కక్ష లేదు, కాగితం గట్టిపడడానికి వేసే గంజి కోసం వస్తుంది.

కాగితం విషయంలో ఆమెకు పట్టింపు ఉండేది కాదు. మంచి కార్ట్రిడ్జి కాగితం మీద గీసినవి అరవై కూడా లేవు. మిగిలినవన్నీ క్యాలెండరు వెనక పేజీలు, పిల్లల జవాబు పత్రాల ఖాళీ వైపులు, పశువుల దాణా సంచి లోపలి పొర. రంగుల్లో కూడా అంతే. పోస్టరు రంగులు అయిపోతే కాటుక, ఎర్రమట్టి, పసుపు, సున్నం కలిపిన పసుపు, ఏది చేతికి అందితే అది. పసుపు సంగతి చెప్పాలి. బెల్లం అనే కుక్క బొమ్మ ఒకటి మా హాల్లో కిటికీకి ఎదురుగా చాలాకాలంగా వేలాడుతోంది. అది తెల్లకుక్కే అన్నట్టు నాకు అలవాటైపోయింది. పెట్టెలో బెల్లానివే ఇంకో రెండు బొమ్మలు దొరికి, అవి కొత్తబెల్లం రంగులో మెరుస్తుంటే, ఆ కుక్కకు ఆ పేరు ఎందుకు పెట్టిందో అప్పుడు గుర్తుకొచ్చింది. పసుపు రంగు వెలుతురుకు నిలవదు. చీకట్లో ఉన్నది ఉన్నట్టే ఉంది, గోడ మీదిది ఎప్పుడో వెలిసిపోయింది. ఆ ఫ్రేము దింపేసి, దాని స్థానంలో మా అమ్మాయి తీయించిన ఫోటో ప్రింటు పెట్టాను.

హైదరాబాదు నుంచి మా అమ్మాయి వేసవి సెలవులకు వచ్చి ఫోటోల పని చూసుకుంది. ఉత్తరపు అరుగు మీద, ఫ్లాష్ లేకుండా, బొమ్మను చదునుగా పరిచి, ఫోను దానికి సరిగ్గా పైన ఉండేట్టు రెండు స్టూళ్ల మధ్య పలక బిగించి తీసింది. రోజుకు ముప్పై చొప్పున రెండు వారాలు. రెండు చోట్ల దాచాము. దానిలో అంతకంటే చెప్పుకోదగిన కష్టం లేదు.

నా కష్టమంతా జాబితాది. ఉద్యోగంలో ముప్పై ఏళ్లు ఎం బుక్కు, అంటే చేసిన పని కొలతలు ఎక్కించే పుస్తకం, రాసిన అలవాటు కొద్దీ, బారుపాటి రిజిస్టరు ఒకటి కొని గడులు గీశాను: క్రమసంఖ్య, జంతువు, పేరు, వచ్చిన తేదీ, గాయం, వదిలిన తేదీ, రిమార్కులు. ఎం బుక్కులో తప్పు రాస్తే చెరపకూడదు. అడ్డంగా కొట్టేసి పక్కన పొట్టి సంతకం చేయాలి. ఈ రిజిస్టరుకూ అదే నియమం పెట్టుకున్నాను. పేర్లు చాలావాటికి బొమ్మ కిందనే ఉన్నాయి. ఆమె పేర్లన్నీ వంటింటి నుంచే వచ్చేవి. బెల్లం, పకోడీ, కొబ్బరుండ. సన్నగా తెల్లగా గాలికి ఎగిరిపోయేట్టుండే పిల్లి పేరు పూతరేకు. గాయం ఎక్కడుందో తెలుసుకోవడానికి కష్టపడనక్కరలేదు. ప్రతి బొమ్మలోనూ గాయం వైపుకు పెన్సిలుతో సన్నని బాణం గుర్తు ఉండేది. జంతువును తీసుకువెళ్లడం కుదరనప్పుడు బొమ్మను పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లి చూపించేదని నాకు తెలుసు. తేదీలే లేవు. ఒక్క బొమ్మ మీద కూడా ఆమె తేదీ వేయలేదు. దానికి బదులు కుడివైపు కింది మూలన చిన్న అంకె. 3.25. 9.5. 14. కొన్నిటి మీద అదీ లేదు.

ఆ అంకెలేమిటో చాలా రోజులు అంతుబట్టలేదు. బెల్లం బొమ్మలు రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు మాత్రం నా గుండె ఒక్క క్షణం ఆగింది. మొదటి బొమ్మ మూలన 11.75, రెండోదాని మూలన 13.75. ఏటిగట్టు మీద పనిచేసిన ఎవరినైనా నిద్రలో లేపి అడగండి, ఈ రెండు అంకెలూ ఏమిటో చెబుతారు. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. బెల్లం మా ఇంటికి వచ్చింది 2006 ఆగస్టు వరదల్లోనే అని నాకు రూఢిగా తెలుసు. అప్పుడు నేను వారం రోజులకు పైగా ఇంటి ముఖం చూడకుండా గట్టు మీద ఇసుక బస్తాల దగ్గరే ఉన్నాను. ఆ రాత్రుల్లో రేడియోలోనో టీవీలోనో హెచ్చరిక విన్నప్పుడల్లా ఆమె నిద్రపట్టక, పక్కనున్న కుక్కను గీస్తూ, నేనున్న చోట నీరు ఎంత ఎత్తున ఉందో మూలన రాసుకుందని నేను తేల్చుకున్నాను.

వారం రోజులు ఆ సంతోషంలో బతికాను. అటక మీద నుంచి నా పాత డైరీలు దింపి, గంట గంటకూ రాసుకున్న గేజి లెక్కలన్నీ, అంటే నీటిమట్టం లెక్కలన్నీ, తిరగేశాను. 14 ఉన్న బొమ్మకు ఒక తేదీ కుదిరింది, 9.5కు నాలుగైదు కుదిరాయి. మూడుంపావు అడుగుల మట్టాన్ని ఎవరూ చెప్పరు గనుక 3.25 కుదరలేదు, అది మా లాకుల దగ్గరి గేజి అయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. ఇరవై ఏడు బొమ్మలకు తేదీలు రాసేశాను. మా అమ్మాయికి ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు. "అమ్మ అలా ఎప్పుడూ చెప్పలేదేంటి నాన్నా" అంది. చెప్పే మనిషి కాదు కదా అన్నాను.

కుక్కలకు ఏటేటా వేయవలసిన రేబిస్ టీకా కోసం పశువుల ఆసుపత్రిలో రిటైరైన కాంపౌండరు ఒకాయన ఇప్పటికీ మా ఇంటికి వస్తారు. ఒక రోజు ఆ పని అయ్యాక కాఫీ ఇచ్చి, రిజిస్టరు చూపించి, గర్వంగానే ఈ సంగతి వివరించాను. ఆయన బెల్లం బొమ్మలు రెండూ చేతిలోకి తీసుకుని, కళ్లజోడు పైకెత్తి, దగ్గరగా చూశారు.

"ఆయ్, ఇది గేజీ కాదండి బాబూ. కుక్క బరువండి."

నేను ఒప్పుకోలేదు. మొదటి హెచ్చరికకూ రెండో హెచ్చరికకూ మధ్య ఆ ఏడాది ఒక రోజే తేడా అని డైరీ తీసి చూపించబోయాను. ఆయన మొదటి బొమ్మలో బెల్లం వీపు మీద వేలు పెట్టారు. అక్కడ గజ్జి పట్టి చర్మం నగ్నంగా ఉంది, బాణం గుర్తు దాని మీదికే ఉంది. రెండోదాని మీద వేలు పెట్టారు. అక్కడ ఒత్తుగా వెంట్రుకలు ఉన్నాయి, బాణం లేదు. "ఒక్క రోజులో ఇంత బొచ్చు మొలవదండి. రెండు నెలలన్నా పట్టి ఉంటుంది. రెండు కేజీలు కూడా పెరిగిందండి, మంచి తిండి పెట్టారు అమ్మగారు" అన్నారు. పాకలో దూలానికి, పావుకిలో గీతలున్న కొక్కెం కాటా, చేపలవాళ్లు తూచే రకం, అప్పటికీ వేలాడుతూనే ఉంది. ఆమె కుక్కను గోనెసంచిలో దించి దానికి తగిలించడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కళ్ల ముందు కాటా ఉంటే నేను అటక ఎక్కి గేజీలు వెతికాను.

కొంచెం సిగ్గు, దానికంటే ఎక్కువ దిగులు కలిగి, ఇంత పట్టుదలగా బరువులు ఎందుకు తూచేదని అడిగాను. ఆయన చెప్పడానికి వెనుకాడారు. పూతరేకు గుర్తుందా అన్నారు. గుర్తే. 1998లో చచ్చిపోయింది, ఆమె రెండు రోజులు అన్నం తినలేదు, పిల్లి కోసం ఇంత ఏమిటని నేను విసుక్కున్నాను. దానికి జ్వరం వస్తే ఆమె ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్రలో సగం విరిచి పాలల్లో వేసి తాగించిందట. మనుషులకు పనికొచ్చే ఆ మాత్ర పిల్లికి విషం. దాని కాలేయానికి ఆ మందును విరగ్గొట్టే శక్తి లేదు, రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది, మొహం వాచి చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. మర్నాడు ఆసుపత్రికి తెచ్చేసరికే ఆలస్యమైంది. ఆ వారంలోనే ఆమె కాటా కొన్నదట. మందు ఇవ్వాలంటే ముందు ఏ జంతువుకు ఏది పడదో అడిగేది, తరువాత బరువు చెప్పి మోతాదు రాయించుకునేది. పాతికేళ్లపాటు ఆ సంగతి నాకు చెప్పలేదు. పూతరేకు బొమ్మ మూలన అంకె లేదు. దానికి ముందు గీసిన ఏ బొమ్మ మీదా లేదు. అంటే ఆ అంకె ఉన్నవన్నీ 1998 తరువాతివి. నేను వెతికిన తేదీలు దొరకకపోయినా వరుస మాత్రం రెండు ముక్కలుగా తేలింది.

ఆయన వెళ్లాక ఇరవై ఏడు తేదీలూ అడ్డంగా కొట్టేసి, ఇరవై ఏడు పొట్టి సంతకాలు చేశాను. రిజిస్టరులో బరువు గడి కొత్తగా గీశాను.

అక్కడి నుంచి పని సాఫీగా సాగింది. కాలువలు కట్టేసే రోజుల్లో బురదలో చిక్కుకున్న తాబేళ్లను బకెట్లలో మోసుకొచ్చి చెరువులో వదిలేది, అవి 31. వదిలిన చోటు ఏ చెరువో వాటి వెనక నాచు రంగులోనే తెలిసిపోతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల నుంచి వచ్చిన మేకపిల్లలు, కుక్కలు పదిహేడు. అప్పటికే ఆమె పాదాలు వాచి ఉండాలని డాక్టరు తరువాత అన్నారు. ఆ పదిహేడు బొమ్మల్లోనూ బాణాలు మాత్రం సరిగ్గా ఉన్నాయి.

కోళ్ల దగ్గర చిక్కుపడ్డాను. చట్టం ఒప్పుకోకపోయినా సంక్రాంతి మూడు రోజులూ మా వైపు పందేలు జరుగుతాయన్నది అందరికీ తెలిసిందే. కత్తి దెబ్బ తిని ఓడిన పుంజు కూరకు పోతుంది. కొనఊపిరితో ఉన్నవాటిని కొనుక్కొచ్చి మా ఆవిడ కుట్లు వేయించేది. బతికినవి తక్కువే గాని బొమ్మలు మాత్రం 44. వాటి జాతులు నాకు తెలియవు. ఈ విషయంలో మా వంశంలో పండితుడంటే మా బావమరిదే. అక్కకూ అతనికీ ఏటా సంక్రాంతికి మాటలు ఉండేవి కావు. పిలిస్తే వచ్చాడు, మడత మంచం మీద కూర్చుని ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. ఎర్రగా ఉంది కదా, డేగ అని రాయబోతే, "కాదు బావా, మెడ చూడండి, నలుపూ తెలుపూ సమంగా కలిసి ఉన్నాయి, ఇది పర్ల" అన్నాడు. ఇది కాకి, ఇది నెమలి, ఇది సవల. మా అక్క ఈక పట్టుకుందంటే పట్టుకుందే, ఇంత తేడా గీయాలంటే మాకంటే బాగా తెలిసి ఉండాలి అన్నాడు. ముప్పై రెండో బొమ్మ దగ్గర ఆగిపోయాడు. ఎడమ రెక్క కింద బాణం, మూలన 3.75, కుడికాలి గోరు ఒకటి సగానికి విరిగి ఉంది. "ఇది నాదే" అన్నాడు. ఓడిపోయిందని అక్కడికక్కడే ఎవరికో ఇచ్చేశాడట. ఆ ఎవరో దగ్గర ఆమె కొన్నదని ఇద్దరికీ అప్పుడే తెలిసింది. అది మా ఇంట్లో మరో రెండేళ్లు బతికింది. కూయడం రాని కోడి అని పిల్లలు నవ్వేవారు, గొంతు దగ్గర దెబ్బ తగిలి కూత పోయింది. అతను ఆ బొమ్మను ఇమ్మని అడగలేదు, నేను ఇస్తాననలేదు. మిగిలిన పన్నెండూ మర్నాడు వచ్చి చెప్పాడు.

ఆమెతో పాటు మిగిలిన జీవాల సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. మూడు కుక్కలు, రెండు పిల్లులు, ఒక కుంటి ఆవు ఉండేవి. ఆవు పోయింది. మిగిలినవి నా దగ్గరే ఉన్నాయి, కొత్తగా ఒకటి వచ్చింది. నేను తూస్తాను గాని గీయలేను.

సంవత్సరీకం ముందు ఆసుపత్రి కాగితాలు తీసేద్దామని ఫైలు విప్పాను. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల డయాలిసిస్ కోసం మేము కాకినాడ వెళ్లేవాళ్లం. మా చిన్నప్పుడు పంటు పడవ కోసం గంటలు కాచుకునే గౌతమి పాయను ఎదుర్లంక దగ్గర వంతెన మీద నిమిషాల్లో దాటి, యానాం మీదుగా, కోరంగి మడ అడవుల పక్కనుంచి ప్రయాణం. ఆ అడవిలో నీటిపిల్లి ఉంటుందని, ఒక్కసారి చూడాలని ఆమెకు ఆశ. తెల్లవారుజామున వెళ్లినప్పుడల్లా కారు అద్దం దించి అటే చూసేది. కనబడలేదు. ఆసుపత్రిలో డయాలిసిస్‌కు ముందొకసారి, తరువాత ఒకసారి బరువు తూస్తారు. ఒంట్లో చేరిన నీరు ఎంత, తీసింది ఎంత అనే లెక్క దానితోనే తేలుతుంది. ఆమె దిగగానే, "ఖాళీగానే ఉంది కదండీ, మీరూ ఎక్కండి" అనేది. ఆమె సరదాకు ఎక్కేవాణ్ణి. ఎంత చూపించిందో నేను ఎన్నడూ చూసుకోలేదు.

ఫైలులో రక్తపరీక్ష కాగితం ఒకదాని వెనక పెన్సిలు బొమ్మ ఉంది. ఆసుపత్రి కుర్చీలో ఒక ముసలాయన, తల వెనక్కి వాలి, నోరు తెరుచుకుని, భుజం మీద తువ్వాలుతో నిద్రపోతున్నాడు. చెప్పులు విడిచి ఉన్నాయి. రెండు పాదాలూ చీలమండల దగ్గర ఉబ్బి ఉన్నాయి. రాత్రంతా కుర్చీలో కాళ్లు వేలాడేసి కూర్చోవడం వల్ల నాకు ఆ రోజుల్లో వాపు వచ్చేది. ఆమెకు తెలియకూడదని పంచె కిందికి దించుకునేవాణ్ణి. బొమ్మలో పంచె మోకాలి దాకా జరిగి ఉంది. ఒక్కో పాదానికి ఒక్కో బాణం. కుడివైపు కింది మూలన 58.5.

కాగితం ముందువైపు పరీక్ష తేదీ అచ్చయి ఉంది, 19-08-2023. మొత్తం జాబితాలో తేదీ దొరికిన బొమ్మ ఇదొక్కటే. సంఖ్య 412. జంతువు, పేరు అన్న గడుల దగ్గర కాసేపు ఆలోచించి, రెండిటినీ కలిపి ఆమె నన్ను పిలిచినట్టే "ఏవండీ" అని రాశాను. బరువు 58.5. గాయం: రెండు పాదాల వాపు. వదిలిన తేదీ గడి ఖాళీగా ఉంచాను.